జిగురు కింద మరుగునపడిన నేల

అంగళ్లు నుంచి మదనపల్లె, పుంగనూరు మీదుగా కుప్పం దాకా పరచుకున్న రాయలసీమ దక్షిణపు మెట్ట ప్రాంతంలో పాతకాలపు ఇల్లు కలపను తలమీద, రాతిని కాలికింద పెట్టుకుంది. దూలాలు, దంతెలు, స్తంభాలు, ద్వారబంధాలు టేకుతోనో వేపతోనో చేయించుకున్నవారు సైతం నడిచే నేలకు పేడతో అలికిన మట్టినో, నాపబండలనో, తర్వాతి కాలంలో నున్నగా మెరిసే ఎర్ర గచ్చునో ఎంచుకున్నారు; చెక్క పలకలు పరిచిన నేల కొన్ని మేడగదులకు, అటకలకు, దొరల కాలపు బంగళాలకు, నాటక రంగస్థలాలకు పరిమితమై ఉండిపోయింది. గత కొన్ని దశాబ్దాల్లో ఈ చిత్రం రెండు దిక్కులనుంచి మారింది. ఒకవైపు ఊళ్లలోని పాత నేలల మీద, వాటి మరకలూ బీటలూ కనిపించకుండా, జనం కార్పెట్ అని పిలిచే రంగురంగుల ప్లాస్టిక్ షీట్లను జిగురు పూసి అంటించడం మామూలైంది. మరోవైపు, 1998లో అంగళ్లులో ఏర్పడిన మిట్స్ వంటి ఇంజినీరింగ్ కళాశాలల్లో చదువుకున్న తరం బెంగళూరుకు, హైదరాబాదుకు, అక్కడినుంచి అమెరికాకు వెళ్లి, అసలైన చెక్క నేల ఉన్న ఇళ్లలో కాపురం పెట్టింది. ఆ చెక్క నేల కూడా చాలా ఇళ్లలో ఏ కార్పెట్ కిందో, ఏ పాత పలకల కిందో జిగురు పూసుకుని ఉంటోంది.

ఊళ్లోని ఇంటికీ అమెరికాలోని ఇంటికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: పైన అంటించినదాన్ని పీకేశాక మిగిలే గారలాంటి జిగురును, కింది నేలకు దెబ్బ తగలకుండా ఎలా తీయాలి, తీసిన తర్వాత ఆ నేలకు మళ్లీ కళ ఎలా తేవాలి. ఈ పనిలో నష్టపోయిన ఇళ్లను పరిశీలిస్తే కారణం దాదాపు ఎప్పుడూ తొందరపాటుగానే తేలుతుంది. ఆ జిగురు ఏ జాతిదో తెలుసుకోకుండానే యంత్రాన్ని అద్దెకు తెచ్చి నేలమీద పెట్టడం వల్ల, వందేళ్లు నిలిచే చెక్క ఒక్క మధ్యాహ్నంలో గుంటలు పడి పాడవుతుంది. కొన్ని రకాల జిగురు విషయంలో చెక్కకన్నా ముందు మనిషి ఊపిరితిత్తులు పాడవుతాయి.

జిగురు సంగతికి వెళ్లేముందు, నేలగా పరిచిన చెక్క ఏమిటో స్పష్టపరచుకోవాలి. గట్టి కలప అంటే వృక్షశాస్త్ర పరిభాషలో పూలు పూసి కాయలు కాసే వెడల్పాకు చెట్ల కలప; పైన్, దేవదారు వంటి సూదిమొన ఆకుల చెట్లది మెత్తటి కలప. ఈ విభజనకు చేతికి తగిలే గట్టిదనంతో నేరుగా సంబంధం లేదు కనుకనే, గోటితో నొక్కితే గంటు పడే బాల్సా కూడా గట్టి కలపల వర్గంలోనే ఉంటుంది. నిజమైన గట్టిదనాన్ని జాంకా పరీక్షతో కొలుస్తారు. 11.28 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు గుండును చెక్కలోకి సగం దిగేదాకా నొక్కడానికి ఎంత బలం కావాలో చూసే ఈ పరీక్షలో అమెరికా ఇళ్లలో ఎక్కువగా కనిపించే రెడ్ ఓక్‌కు సుమారు 1,290 పౌండ్ల విలువ వస్తుంది. మన టేకు విలువ దానికన్నా కొంత తక్కువే. అయినా టేకుకు అంత పేరు రావడానికి దాని చేవలో సహజంగా ఉండే నూనె, తేమకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే గుణం తక్కువగా ఉండడం, చెదలు అంత తేలిగ్గా తాకకపోవడం కారణాలు. చేవ అంటే మాను నడిమధ్యన ముదిరి రంగు తేలిన భాగం. దాని చుట్టూ ఉండే లేత తెల్ల చెక్కకు ఈ గుణాలేవీ ఉండవు, అందువల్ల ఒకే పలకలో చేవ ఉన్నవైపు జిగురు సులువుగా వదిలి, తెల్ల చెక్క ఉన్నవైపు లోపలికి ఇంకిపోయి కనిపించడం పరిపాటి.

మార్కెట్లో చెక్క నేల పేరుతో మూడు వేర్వేరు వస్తువులు దొరుకుతున్నాయి, వాటి తేడా తెలియకపోవడం ఖరీదైన పొరపాట్లకు దారితీస్తోంది. మొదటిది పై నుంచి కింది దాకా ఒకే కలపతో చేసిన నిండు పలక. అమెరికాలో ఇది సాధారణంగా 19 మిల్లీమీటర్ల మందంతో, సుమారు 57 మిల్లీమీటర్ల వెడల్పుతో ఉంటుంది, ఒక పలక అంచున ఉన్న నాలుక పక్క పలక అంచున ఉన్న గాడిలో కూర్చుంటుంది. రెండవది అతుకుల పలక. అందులో అడుగున ప్లైవుడ్ వంటి పొరలుండి, పైన కొన్ని మిల్లీమీటర్ల మేర మాత్రమే అసలు కలప ఉంటుంది. మూడవదైన లామినేట్‌లో పైన కనిపించేది కలప బొమ్మ ముద్రించిన కాగితమే. దానిమీద గరుకు కాగితం ఆడిస్తే ఆ బొమ్మ చెరిగిపోవడం తప్ప మరేమీ జరగదు. నిండు పలకలో సైతం నాలుకకు పైన ఉండే సుమారు 6 మిల్లీమీటర్ల చెక్క మాత్రమే అరగదీతకు పనికొస్తుంది, ఒక్కో పూర్తి అరగదీతలో అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా పోతుంది కనుక, పాత ఇంట్లో అంతకుముందు ఎన్నిసార్లు ఆ పని జరిగిందో గుమ్మం దగ్గరి పట్టీ ఎత్తి, పలక అంచు చూసి అంచనా వేసుకోవాలి.

అమెరికాలో ఇంత మంచి చెక్క ఎందుకు కప్పేశారన్న సందేహం అక్కడ ఇల్లు కొన్న తెలుగువారికి తరచూ కలుగుతుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జార్జియా రాష్ట్రంలోని డాల్టన్ పట్టణం కేంద్రంగా యంత్రాలమీద చవకగా తయారైన కార్పెట్లు మార్కెట్‌ను ముంచెత్తాయి. గోడనుంచి గోడదాకా పరిచిన కార్పెట్ హోదాకు గుర్తయింది, ఓక్ నేల పాతకాలపు వాసనగా కనిపించింది. మన ఊళ్లలో ఎర్ర గచ్చుకు పట్టిన గతి కూడా ఇదే. అవ్వ కొబ్బరినూనె గుడ్డతో తుడిచి అద్దంలా ఉంచిన నేలను మనవడి తరం మొరటుగా భావించి ప్లాస్టిక్ షీటు కింద దాచేసింది.

ఏ జిగురో తేల్చుకోవడం

షీటును పీకిన తర్వాత నేలమీద మిగిలినదాన్ని మోకాళ్లమీద కూర్చుని దగ్గరగా చూస్తే, పళ్ల తాపీతో జిగురు లాగిన చేతి కదలిక కూడా కనిపిస్తుంది: సమాన దూరంలో సాగిన గట్లు, మనిషి వెనక్కు జరిగిన చోట వంకర తిరిగిన విల్లులు, గది మధ్యలో మందంగా, గోడ పక్కన పలచగా. రంగు, మందం, వాసన, వేలితో నొక్కినప్పటి తీరు అనేవి ఆ జిగురు పుట్టుకను చాలావరకు చెప్పేస్తాయి. మిగిలిన సందేహాన్ని తలుపు వెనుకనో మూలనో అరచేయంత జాగాలో చేసే చిన్న పరీక్ష తీరుస్తుంది.

అన్నిటికన్నా పాతది వజ్రం. జంతువుల తోళ్లు, ఎముకల నుంచి తీసి, పలుకులుగా ఎండబెట్టి అమ్మే ఈ జిగురును వడ్రంగి ఆచార్లు నీళ్లలో నానబెట్టి, వేడినీటి గిన్నెలో పెట్టి కరిగించి, వేడి ఆరకముందే చెక్కకు పూసేవారు. నీళ్లు, వేడి కలిస్తే ఇది ఎన్నేళ్ల తర్వాతైనా మళ్లీ మెత్తబడుతుంది. వేడినీటిలో ముంచి పిండిన గుడ్డను కొన్ని నిమిషాలు వేసి ఉంచితే చాలు, జెల్లీలా లేచి వస్తుంది. పాత కుర్చీలను విడగొట్టి మళ్లీ బిగించగలగడం ఈ గుణం వల్లే సాధ్యమైంది. 1959లో పిడిలైట్ సంస్థ ఫెవికాల్ పేరుతో తెచ్చిన తెల్ల జిగురు ఈ దేశంలో వజ్రాన్ని దాదాపు పూర్తిగా పక్కకు నెట్టింది. పాలివినైల్ అసిటేట్ అనే కృత్రిమ పదార్థపు సూక్ష్మ కణాలను నీటిలో కలిపి ఉంచిన ఈ జిగురు, నీరు ఆరిపోగానే కణాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని పొరగా మారుతుంది. వేడినీటి చుక్క పడిన చోట ఇది పాలవలె తెల్లబడి మెత్తనవుతుంది కనుక గుర్తుపట్టడం సులభం. అమెరికా కార్పెట్ల కింద తేనె రంగులోనో లేత గోధుమ రంగులోనో కనిపించే లాటెక్స్ జిగురుకు కూడా చాలా సందర్భాల్లో గోరువెచ్చని నీరు, ఓపిక సరిపోతాయి.

మన ఊళ్లలో షీట్లకు, సన్‌మైకాకు ఎక్కువగా వాడేది డబ్బా మూత తీయగానే ఘాటు వాసన వచ్చే పసుపుపచ్చ రబ్బరు జిగురు. ఫెవికాల్ ఎస్ఆర్ వంటివి ఈ కోవలోవి. ద్రావణిలో కరిగించిన కృత్రిమ రబ్బరు ఇందులో ఉంటుంది, రెండువైపులా పూసి కాస్త ఆరనిచ్చి అదిమితే అంటుకుంటుంది. నీటికి ఇది చలించదు. బొటనవేలితో బలంగా రుద్దితే చిన్న చిన్న ఉండలుగా చుట్టుకుంటుంది, అదే దాని ఆనవాలు. దీన్ని లొంగదీసుకోవడానికి వేడిగాలి తుపాకీ లేదా టర్పెంటాయిల్, థిన్నర్ వంటి ద్రావణి కావాలి. ఇటీవలి ఇళ్లలో చెక్క పలకలను సిమెంటు నేలకు అంటించే పాలియురేథేన్, ఎపాక్సీ జిగుర్లు ఒకసారి గట్టిపడ్డాక ఏ ద్రావణికీ కరగవు. రసాయన చర్యతో వాటి అణువులు ఒకే వలగా అల్లుకుపోవడమే అందుకు కారణం. వాటిని వేడిచేసి మెత్తబరచి, ఉలితో కొంచెం కొంచెంగా లేపడం తప్ప మార్గం లేదు.

మిగిలిన ఒక్క రకం గురించి ఎంత చెప్పినా ఎక్కువ కాదు. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం మధ్య దశాబ్దాల్లో కట్టిన ఇళ్లలో కార్పెట్ కిందో, 9 అంగుళాల చదరపు పలకల కిందో నల్లగా, పలచగా, తారు పూసినట్టుగా కనిపించే జిగురు ఉంటుంది. అది నిజంగానే తారు; ద్రావణితో పలచబరచిన తారుకు బలం కోసం తరచూ ఆస్బెస్టాస్‌ను కలిపేవారు. తెలుగులో రాతినార అనే ఈ ఖనిజం రాయలసీమకు కొత్తది కాదు. మదనపల్లెకు పొరుగునున్న కడప జిల్లాలో, పులివెందుల పరిసరాల్లో దాన్ని ఒకప్పుడు గనుల్లో తవ్వేవారు. రాయి అయినప్పటికీ దూదిలా పోగులుగా విడిపోవడం, నిప్పుకు కాలకపోవడం దాని ప్రత్యేకత, కంటికి కనిపించనంత సన్నగా చీలి గాలిలో తేలడం దాని ప్రమాదం. పీల్చిన పోగులు ఊపిరితిత్తుల్లో శాశ్వతంగా నిలిచిపోయి, ఇరవై నుంచి నలభై ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా బయటపడవచ్చు.

జిగురులో బిగుసుకుని ఉన్నంతకాలం ఆ పోగులు కదలవు. గరుకు కాగితం యంత్రం పెట్టిన క్షణంలోనే అవి ఇల్లంతా వ్యాపిస్తాయి. అందువల్ల నల్ల జిగురు కనిపిస్తే పని ఆపి, చిన్న ముక్కను తడిపి తీసి పరీక్షశాలకు పంపాలి. ఫలితం వచ్చేదాకా ఊడ్వకూడదు, గీకకూడదు, ఎండుగా రుద్దకూడదు. రాతినార ఉందని తేలితే శిక్షణ పొందినవారికి అప్పగించడం, లేదంటే దాన్ని కదపకుండా పైన కొత్త నేల వేసి మూసేయడం సరైన దారులు. వందల చదరపు అడుగుల ఓక్ కింద ఉందని తెలిసీ దాన్ని మూసేయడం ఎవరికైనా బాధ కలిగిస్తుంది, అయినా పిల్లలు పాకే ఇంట్లో ఆ నిర్ణయమే మేలైనది. ఇదే జాగ్రత్త సీసం కలిసిన పాత రంగులకూ వర్తిస్తుంది. అమెరికాలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు; భారతదేశంలో పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించి సీసం ఉండరాదన్న నియమం 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి మదనపల్లెలోనైనా పుంగనూరులోనైనా అంతకుముందు ఎనామిల్ రంగు పూసిన చెక్కను పొడిగా గీకడం, వేడిగాలితో కాల్చడం మంచిది కాదు.

గీకడంలోని నేర్పు

జిగురు జాతి తేలిన తర్వాత పని ఎప్పుడూ మృదువైన పద్ధతితో మొదలై, అవసరమైతేనే కఠినమైనదానికి వెళ్లాలి. ముందు ఉత్త గీకుడు, తర్వాత తేమ, ఆ తర్వాత వేడి, చివరిగా ద్రావణి అన్న వరుసను పాటిస్తే చాలా నేలలు చివరి అంకం దాకా వెళ్లకుండానే శుభ్రపడతాయి. పాతబడి పెళుసెక్కిన జిగురుకు పదునైన గీకుడు పట్టీ ఒక్కటే చాలు. పట్టీని నేలకు వాలుగా, చెక్క నార సాగిన దిశలోనే నడపాలి. నారకు అడ్డంగా నడిపితే దాని మూల పలకలో దిగి, తర్వాత ఎంత అరగదీసినా పోని గాటు పెడుతుంది. అందుకే అనుభవం ఉన్న ఆచారి పని మొదలుపెట్టేముందు పట్టీ మూలలను ఆకురాయితో గుండ్రంగా చేసుకుంటాడు.

చివరి పలచటి పొరను తీయడానికి గీకుడు రేకును మించిన పనిముట్టు లేదు. పోస్టుకార్డంత ఉండే ఈ ఉక్కు రేకు అంచును ముందు ఆకురాయితో చదును చేసి, ఆపై గట్టి ఉక్కు కడ్డీతో ఒత్తి లాగితే, అంచు పొడవునా కంటికి ఆనని చిన్న కొక్కెంలాంటి మడత ఏర్పడుతుంది. రేకును రెండు చేతులతో పట్టుకుని బొటనవేళ్లతో మధ్యలో కొంచెం వంచి తోసినప్పుడు ఆ మడత చెక్కను కోస్తుంది. మడత పదునుగా ఉంటే ఉల్లిపొరలాంటి చుట్టలు లేస్తాయి; పొడి రాలడం మొదలైతే పదును పోయిందని గుర్తు. అప్పుడు రేకును మళ్లీ తీర్చుకోకుండా బలం పెంచితే చేతులు నొప్పెడతాయి తప్ప జిగురు కదలదు. గడపలకు, తలుపులకు పాలిష్ పెట్టే ప్రతి ఆచారికీ ఈ విద్య తెలుసు. చెక్క నేలల అలవాటు లేని ఈ ప్రాంతంలో ఆ పనికి మనుషులు లేరన్న మాటలో నిజం లేదు, తలుపును నిలబెట్టి చేసే పనినే నేలమీద కూర్చుని చేయాలి.

తేమ వాడేటప్పుడు గుడ్డ తడిగా ఉండాలి కానీ నీళ్లు కారకూడదు. పలకల సందుల్లోకి దిగిన నీరు అడుగున నిలిచిపోతే అంచులు పైకి లేచి పలక దోనెలా తయారవుతుంది. వేడిగాలి తుపాకీని ఒకేచోట ఆపి ఉంచకుండా కదుపుతూ, జిగురు మెరిసి మెత్తబడగానే పట్టీతో లేపి, పట్టీకి అంటినదాన్ని వెంటనే గుడ్డకు తుడిచేయాలి. ద్రావణి విషయంలో మరింత మెలకువ కావాలి. దాన్ని నేలమీద ఒలకబోస్తే కరిగిన జిగురు పలచనై చెక్క రంధ్రాల్లోకి ఇంకి, తర్వాత పూసే వార్నిష్‌ను అక్కడక్కడా పట్టనివ్వదు. గుడ్డ ముక్కను ద్రావణితో తడిపి జిగురుమీద పరిచి, ఆవిరి పోకుండా పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, ఇరవై ముప్ఫై నిమిషాల తర్వాత తీసి గీకడం సరైన పద్ధతి.

ఊళ్లలో చవకగా దొరుకుతుందని పెట్రోలుతో జిగురు తుడవడం చాలాచోట్ల కనిపిస్తుంది, ఇది ప్రాణాలకే ముప్పు తెచ్చే అలవాటు. ఏ ద్రవం నుంచైనా నిప్పురవ్వకు అంటుకునేంత ఆవిరి వెలువడే కనీస ఉష్ణోగ్రతను జ్వలన స్థానం అంటారు. పెట్రోలుకు అది సున్నాకు దిగువన సుమారు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది, అంటే మన దేశంలో ఏ కాలంలోనైనా, ఏ గదిలోనైనా అది మండడానికి సిద్ధంగా ఉన్నట్టే. పెయింటర్లు వాడే టర్పెంటాయిల్‌కు ఈ స్థానం 35 నుంచి 40 డిగ్రీల ప్రాంతంలో ఉండడం వల్ల మామూలు రోజుల్లో కొంత నయం. అయితే రాయలసీమ వేసవి మధ్యాహ్నం గది వేడి కూడా ఆ అంకెకు చేరుతుందని మరవకూడదు. ఈ ఆవిర్లు గాలికన్నా బరువైనవి కనుక నేలను అంటిపెట్టుకుని పక్క గదిలోని పొయ్యిదాకా పాకుతాయి. రంగులు ఊడదీసే కొన్ని ద్రవాల్లో ఉండే మిథిలీన్ క్లోరైడ్ మండే స్వభావం తక్కువదైనా, శరీరంలోకి వెళ్లాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారి గుండెను దెబ్బతీస్తుంది. మూసిన గదుల్లో దాన్ని వాడి పనివాళ్లు మరణించిన కారణంగా అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2019లో వినియోగదారులకు దానితో చేసిన రంగు తొలగింపు ద్రవాల అమ్మకాన్ని ఆపి, 2024లో దాని ఉపయోగాల్లో అత్యధిక భాగాన్ని నిషేధించింది.

కింద ఉన్నది చెక్క కాక రాయో గచ్చో అయినప్పుడు పని తేలిక, ఒక్క హెచ్చరిక మినహా. బాత్‌రూములు కడిగే యాసిడ్‌తో జిగురు పోతుందనుకుని పోసేవారున్నారు. కడప నాపరాయి సున్నపురాయి జాతిది; భూగర్భ శాస్త్రవేత్తలు కడప జిల్లాలోని నర్జి గ్రామం పేరుతో పిలిచే రాతి పొరల నుంచి వచ్చింది. యాసిడ్ పడగానే అది బుసబుసా పొంగి, నునుపు పోయి, తెల్లటి మచ్చలు తేలుతుంది. ఎర్ర గచ్చులోని సిమెంటుకూ అదే గతి. కుప్పం గ్రానైటు అంత తేలిగ్గా లొంగదు, అయినా జిగురుమీద యాసిడ్ చేసే మేలేమీ లేదు. గచ్చుమీది రబ్బరు జిగురును వేడిగాలితో లేపి, మిగిలిన జిడ్డును టర్పెంటాయిల్ గుడ్డతో తుడిచి, సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరాక మైనం పట్టిస్తే పాత ఎరుపు తిరిగి వస్తుంది.

అరగదీత, మెరుగు

చెక్కమీద జిగురు పూర్తిగా పోయిందని వేలితో తడిమి నిశ్చయించుకున్న తర్వాతే అరగదీత యంత్రం గదిలోకి రావాలి. కొంచెం మిగిలినా యంత్రం రాపిడి వేడికి అది కరిగి గరుకు కాగితాన్ని నింపేస్తుంది. నిండిన కాగితం చెక్కను కోయలేక కాల్చుతుంది. మేకు తలలను సుత్తితో ఇంకా లోపలికి దించి, ఆ గుంతలను లప్పంతో పూడ్చాలి. గరుకు కాగితం అంకె పెరిగేకొద్దీ గరుకు రేణువులు సన్నబడతాయి. 36 లేదా 40తో మొదలుపెట్టి 60, 80 మీదుగా 100 లేదా 120 దాకా వెళ్లడం వాడుక. ప్రతి అంకె పని అంతకుముందరి అంకె వదిలిన గీతలను తుడిచేయడమే కనుక, 40 నుంచి నేరుగా 100కు దూకితే ఆ లోతు గీతలు అలాగే మిగిలి, వార్నిష్ పూసిన తర్వాత సాయంత్రపు ఏటవాలు వెలుగులో గదంతా కనిపిస్తాయి. డ్రమ్ యంత్రాన్ని నేలకు తాకించేముందే కదలికలో ఉంచాలి, ఆపేముందే పైకెత్తాలి. నిలబడిన చోట అది క్షణాల్లో గిన్నెలాంటి గుంట తవ్వుతుంది. చెక్క పొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది కనుక, ముఖానికి బిగుతుగా కూర్చునే మాస్కు తప్పనిసరి. మెడలో తువ్వాలు మూతికి చుట్టుకుంటే సరిపోదు.

ఈ పనికి కాలం కూడా చూసుకోవాలి. చెక్క గాలిలోని తేమను బట్టి ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ ప్రాంతాన్ని తడిపి వెళ్తాయి, ఏప్రిల్, మే నెలల పొడిగాలి చెక్కను బిగదీస్తుంది. ఈ రెండింటి మధ్య, సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి శివరాత్రి దాటి కొన్ని వారాల దాకా ఉండే రోజులు అరగదీతకు, వార్నిష్‌కు అన్నివిధాలా అనువైనవి. 1,265 మీటర్ల ఎత్తున మంచు పట్టే హార్స్‌లీ కొండమీది ఇంటికీ, కింద అంగళ్లులోని ఇంటికీ ఒకే లెక్క పనికిరాదు. కొండమీద పూత ఆరడానికి ఎక్కువ సమయం ఇవ్వాలి.

పైపూత ఎంపికలో భారతీయ సంప్రదాయానికి దగ్గరిది లక్క. కుసుమ, మోదుగ, రేగు చెట్ల కొమ్మలమీద చిన్న పురుగులు స్రవించే ఈ జిగటను శుద్ధిచేసి రేకులుగా మారుస్తారు. దీనిమీద పరిశోధనకు 1924లోనే రాంచీ దగ్గర నామ్‌కుంలో సంస్థ వెలిసింది. ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు కర్రమీద ఆ మెరుపు వచ్చేది లక్కతోనే, తలుపులకు పెట్టే ఫ్రెంచ్ పాలిష్ అదే లక్కను స్పిరిట్‌లో కరిగించినది. లక్క పూత చెక్క రంగును వెచ్చగా ఎత్తిచూపుతుంది, గంటలోపే ఆరుతుంది, ఎక్కడైనా గీత పడితే అక్కడికక్కడే మళ్లీ పూసి కలిపేయవచ్చు. అయితే వేడి గ్లాసు పెట్టినా నీళ్లు నిలిచినా తెల్లటి మచ్చ పడుతుంది. అందువల్ల నడకలేని పూజగదికి, పడకగదికి బాగుంటుంది, వంటింటికి పనికిరాదు. నూనె అధికంగా ఉన్న టేకుకు మాత్రం మైనం తీసిన లక్కను ఒక పూత అడుగున పూస్తే, పైన వేసే వార్నిష్‌ను చెక్కలోని నూనె తోసేయకుండా అడ్డుకుంటుంది.

నూనెల్లో అవిసె నూనెది మొదటి స్థానం. అది గాలిలోని ఆమ్లజనితో చర్య జరిపి గట్టిపడుతుంది. వేరుశనగ నూనెకు, కొబ్బరినూనెకు ఆ గుణం లేదు. ఇంట్లో సమృద్ధిగా ఉంది కదా అని రాయలసీమలో కొందరు వేరుశనగ నూనెనే చెక్కకు పట్టిస్తారు. అది ఎన్నాళ్లైనా ఆరక, దుమ్మును పట్టి నల్లగా తయారవుతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూలన పడేస్తే, ఆరేటప్పుడు పుట్టే వేడి బయటికి పోయే దారిలేక, ఎవరూ నిప్పు పెట్టకుండానే అవి అంటుకుంటాయి. వాటిని విడిగా దండెంమీద ఆరవేయడం గానీ, నీళ్లు పోసిన మూత డబ్బాలో వేయడం గానీ పని ముగిసిన ఆ నిమిషంలోనే జరగాలి.

రోజంతా మనుషులు తిరిగే గదులకు పాలియురేథేన్ వార్నిష్ దీటైనది. నూనె ఆధారంగా ఉండే రకం తేనెరంగు తెస్తుంది, నీటి ఆధారంగా ఉండే రకం చెక్క రంగును ఉన్నదున్నట్టు ఉంచి త్వరగా ఆరుతుంది. ఏదైనా మూడు పలచటి పూతలు వేసి, పూతకూ పూతకూ మధ్య సన్నటి గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, పొడిని తడిగుడ్డతో తీసేయాలి. ఓక్ నేలమీద నీటి రకం పూసేటప్పుడు ఇనుప పీచు వాడకూడదు. తెగిన ఇనుప పోగులు తేమకు తుప్పు పట్టి, ఓక్‌లోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి నల్ల చుక్కలవుతాయి. అలా ముందే పడిన నల్ల మరకలకు అరగదీత తర్వాత, పూతకు ముందు ఆక్సాలిక్ ఆమ్లపు ద్రావణం విరుగుడుగా పనిచేస్తుంది; చేతి తొడుగులు వేసుకుని పూసి, మరక తేలిపోయాక నీటి గుడ్డతో రెండుమూడుసార్లు తుడిచి, చెక్కను బాగా ఆరనివ్వాలి.

చేతికి అంటకపోయినంత మాత్రాన పూత గట్టిపడినట్టు కాదు. నీటి రకానికి వారం, నూనె రకానికి నెల దాకా పట్టే ఆ గడువులో బరువైన సామాను ఈడ్వకూడదు, తివాచీలు పరచకూడదు. గడువు తీరాక సైతం రబ్బరు అడుగున్న చాపలను, కాళ్లపట్టలను నేరుగా ఈ పూతమీద వేస్తే రబ్బరులోని రసాయనాలు ఇంకి పసుపుపచ్చ మరకలు మిగులుతాయి. నూలు దుప్పటి, ఈతచాప అయితే భయం లేదు. ఏటా ఒకసారి గుమ్మం దగ్గర, వంటింటి దారిలో నాలుగు నీటి చుక్కలు వేసి చూడాలి. చుక్క ముత్యంలా నిలిస్తే పూత బాగున్నట్టే. చుక్క పరుచుకుని చెక్క రంగు ముదిరితే పూత అరిగిపోవస్తోందని అర్థం. అప్పుడే పైపైన సన్నటి కాగితంతో రుద్ది ఇంకొక్క పూత వేస్తే, కింది 6 మిల్లీమీటర్ల చెక్కను తాకే అవసరం రాకుండా ఆ నేల ఇంకొన్నేళ్లు నడుస్తుంది.